మా టైగర్ ఎదురొస్తే

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. పదేళ్ళ కిందటి మాట. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం ఇంకా రాక, చేతిలో కొత్త ఫోనూ అందులో రోజంతా వాడినా అయిపోనంత నెట్టూ ఉన్న ఇరవై మూడేళ్ళ కుర్రాడికి తెలియనిది ఏముంటుంది చెప్పండి. ఇప్పుడు ఆఫీసులో నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే "కనుక్కుని చెప్తానండి" అంటాను. అప్పుడు అడక్కముందే చెప్పేవాణ్ణి. బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానని ఇంట్లో అందరినీ నమ్మించి, పొద్దున టిఫిను కాగానే గది తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేవాణ్ణి. మొదటి అరగంట శాతాల లెక్కలు. ఆ తర్వాత అమ్మ భోజనానికి పిలిచే దాకా కుక్కలు.

కుక్కలే ఎందుకంటే దానికో కారణం ఉంది. పటమటలో మా ఎదురింటి వాళ్ళు ఒక పగ్‌ని తెచ్చుకున్నారు. దాని గురక రోడ్డు దాటి మా హాల్లోకి వినిపించేది. అది జబ్బా, జాతి లక్షణమా అని తెలుసుకుందామని ఫోను తెరిచాను. (జాతి లక్షణమేనట. ముక్కు నొక్కుకుపోయి ఉండటం వల్ల దానికి ఊపిరి తీసుకోవడమే కష్టం, బెజవాడ ఎండల్లో మరీ కష్టం.) అలా తెరిచిన ఫోను ఆరు నెలల దాకా మూయలేదు. బీగిల్ తన ముక్కు ఎటు లాగితే అటు పోతుందనీ, డాబర్‌మేన్‌కి చలి పడదనీ, గోల్డెన్ రిట్రీవర్‌ని రోజూ దువ్వకపోతే జుట్టు అట్టలు కడుతుందనీ, హస్కీని కృష్ణా జిల్లాలో పెంచాలనుకునేవాళ్ళు ముందు మే నెల మధ్యాహ్నం స్వెట్టరు వేసుకుని బందరు రోడ్డు మీద ఓ కిలోమీటరు నడిచి చూడాలనీ నాకు తెలిసిపోయింది. తెలిసింది కడుపులో దాచుకునే అలవాటు మా వంశంలో లేదు.

కుక్కని పెంచుకోవాలనుకునే వాళ్ళు ఆ ఏడాది పటమటలో ఉన్నట్టుండి ఎక్కువయ్యారో, నేనే వెతుక్కుంటూ వెళ్ళానో సరిగ్గా గుర్తు లేదు (రెండోదే అయ్యుంటుంది). ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎన్నో అంతస్తు, పగలు ఇంట్లో ఎవరైనా ఉంటారా, పొద్దున్నే లేచే అలవాటు ఉందా అని వరసగా అడిగి, కాసేపు కళ్ళు మూసుకుని, ఫలానా జాతి మీకు సరిపోతుందని తేల్చేవాణ్ణి. మా మేడమీద వాటాలో అద్దెకుండే టీచరమ్మగారికి పొమేరియన్ తీసుకోమని చెప్పింది నేనే. చిన్న ప్రాణి, మేడమీద ఇంటికి సరిపోతుంది, మహా చురుకైనది అన్నాను. అన్నీ నిజాలే. చురుకు అంటే ఏమిటో మాత్రం వివరించలేదు. అది కుక్కరు ఈలకి మొరిగేది, పాలవాడి హారనుకి మొరిగేది, ఆదివారం సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూటం జరిగితే అందరూ కళ్ళు మూసుకున్నప్పటి నుంచి తెరిచే దాకా మొరిగేది. టీచరమ్మగారు చాలా మంచావిడ. మెట్ల దగ్గర ఎప్పుడు కనిపించినా "నీ కోసం కూడా ప్రార్థన చేస్తున్నాం బాబూ" అనేవారు.

నాకు కుక్కల సిద్ధాంతి అని పేరు పెట్టింది మా అత్తయ్య. నాన్నకి సొంత అక్క. మామయ్య పోయాక మా ఇంటికి వచ్చేసింది, అప్పటికి తొమ్మిదేళ్ళయింది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పేపరు పట్టుకుంటే మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా వదలకుండా చదివేది. మాట చాలా పదును. నేను గొప్పగా ఏదైనా చెప్తున్నప్పుడు కళ్ళజోడు పైనుంచి చూసి ఒక్క మాట అనేది, నేను మిగతాది మింగేసేవాణ్ణి. నా దగ్గర రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి ఉండేది. అందులో కుక్కల జాతులే కాక, రహస్యంగా చివరి పేజీల్లో, మా వాళ్ళందరూ ఏ జాతి కిందకి వస్తారో కూడా రాసుకున్నాను (బయటపడితే వీపు విమానం మోతే). నాన్న జర్మన్ షెపర్డ్: ఎవరినీ నమ్మదు, చెవులు ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉంటాయి, పని లేకపోతే ఇంట్లో వస్తువులు పాడు చేస్తుంది. (ఆదివారాలు మిక్సీ విప్పేవాడు.) అమ్మ బీగిల్: బయట ఏం తిని వచ్చినా వాసన పట్టేస్తుంది. నేను డాబర్‌మేన్: సన్నని శరీరం, చురుకైన బుర్ర. అత్తయ్య పేరు రాసి ఎదురుగా ఏమీ రాయలేదు, భయం వల్ల. ఇంట్లో అక్షరం ఉన్న కాగితం ఏదైనా సరే అత్తయ్య చదవకుండా ఉండదన్న సంగతి నాకు తట్టలేదు. ఒక రోజు నోటుబుక్కు తెరిస్తే నా పేరు ఎదురుగా డాబర్‌మేన్ కొట్టేసి ఉంది. పక్కనే పెన్సిలుతో, ముత్యాల్లాంటి అక్షరాల్లో ఇలా ఉంది: "ల్యాబ్రడార్. తిండికి వంక పెట్టడు. కాపలాకి పనికిరాడు."

ఆ తర్వాత కొద్ది రోజులకే మా ఇంటికి నిజం ల్యాబ్రడార్ వచ్చింది. నాన్నకి కంకిపాడులో ఎరువుల కొట్టు. పగలంతా తను ఊళ్ళో ఉండడు కాబట్టి ఇంటి కాపలాకి జర్మన్ షెపర్డ్ కావాలన్నాడు. దానికి రోజూ గంటల తరబడి పని చెప్పాలి, అంత దట్టమైన బొచ్చుతో మన ఉక్కకి తట్టుకోవడం కష్టం, మొదటిసారి పెంచేవాళ్ళకి లొంగదు అని నేను గంటసేపు వాదించాను. (ఇంట్లో ఒకటి చాలు అన్న అసలు కారణం చెప్పలేదు.) చివరికి గన్నవరం అవతల ఒకాయన దగ్గర నుంచి లేత గోధుమ రంగు ల్యాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నాం. కాస్తయినా ఆ గుణం వస్తుందేమోనని నాన్న దానికి టైగర్ అని పేరు పెట్టాడు. నాలుగు నెలలు తిరిగేసరికి టైగర్ గ్యాసు సిలిండరు అతనికి తోక ఊపింది, కేబులు అతనికి తోక ఊపింది, మీటరు రీడింగు తీయడానికి వచ్చినాయన చెప్పు ఒకటి ఎత్తుకుపోయి, ఆయన అడగ్గానే తెచ్చి ఇచ్చింది. నాన్న అదంతా వరండాలోంచి చూసి, దొంగొస్తే ఇది బీరువా తాళాలు కూడా ఇలాగే తెచ్చిస్తుంది అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు, అది ఇంకా బాధ. పైగా దాని వెంట్రుకలు. సాంబార్లో, పెరుగులో, పూజ గదిలో ఉన్న పత్తి ఒత్తుల్లో. అమ్మ ఒత్తులు చేసేటప్పుడు ఏది పత్తో ఏది టైగరో చూసుకోవలసి వచ్చేది.

ఇక్కడ మా ఇంటి ఎదురు సంగతి చెప్పాలి. నాన్న పొద్దున ఏడూ ముప్పావుకి కొట్టుకి బయల్దేరి గుమ్మం దిగేసరికి, గేటు వైపు నుంచి మంచి ఎదురు రావాలి. లేకపోతే మళ్ళీ లోపలికి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మొదటి నుంచి బయల్దేరేవాడు. మంచి ఎదురంటే మా ఇంట్లో అమ్మ. పొయ్యి మీద ఉప్మా ఉన్నా సరే వంటింట్లోంచి పక్క సందులో పరుగెత్తి గేటు దాకా వెళ్ళి, అక్కడి నుంచి అప్పుడే ఊరి నుంచి దిగినట్టు నింపాదిగా నడిచి వచ్చేది. నాన్న కూడా ఆవిణ్ణి అప్పుడే చూసినట్టు తల పంకించి బండి తీసేవాడు. పెళ్ళయిన దగ్గర నుంచీ రోజూ జరుగుతున్న వ్యవహారం కాబట్టి ఇద్దరికీ నవ్వు వచ్చేది కాదు.

సరిగ్గా ఆ సమయానికి అత్తయ్య పెరట్లో ఉండేది. నాన్న బండి తాళాల చప్పుడు వినిపించగానే పేపరు మడిచి, వెనక తలుపు తీసుకుని వెళ్ళి, బట్టలుతికే బండ మీద కూర్చునేది. భర్త పోయిన ఆడవాళ్ళు ఎదురు రాకూడదన్నది మా వాళ్ళలో ఉన్న పట్టింపు. వెళ్ళమని ఆవిడతో మా ఇంట్లో ఎవరూ అనలేదు. వెళ్ళొద్దని కూడా ఎవరూ అనలేదు. బండి వీధి మలుపు తిరిగాక లోపలికి వచ్చి ఆపిన వార్త దగ్గర నుంచి మళ్ళీ చదువుకునేది. కుక్క తోక కుడివైపు ఎక్కువ ఊపితే ఏమిటో ఎడమవైపు ఊపితే ఏమిటో ఉపన్యాసం ఇవ్వగలిగిన నేను, తొమ్మిదేళ్ళలో ఈ సంగతి ఒక్కసారీ గమనించలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

ఒక రోజు అమ్మ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. నాన్న షూ వేసుకుని గుమ్మంలో నిలబడి ఏం చేయాలో తోచక చూస్తుంటే, గేటు దగ్గర ఏదో వాసన చూస్తున్న టైగర్ ఆయన్ని చూసి, చెవులు ఎగరేసుకుంటూ, ఒళ్ళంతా ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. నాన్న గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. సాయంత్రం స్వీటు పొట్లంతో వచ్చాడు. ఏడాదిగా నానుతున్న పెద్ద కంపెనీ డీలర్‌షిప్ ఆ రోజు ఖాయమైందట. మర్నాడు కావాలనే టైగర్‌ని గేటు దగ్గర నిలబెట్టించాడు. ఆ రోజు వాన పడుతుందనుకున్నది పడలేదు, లారీలో వచ్చిన బస్తాలు తడవకుండా దిగాయి. మూడో రోజు నుంచి అమ్మకి ఆ ఉద్యోగం తప్పింది. ఉప్మా అడుగంటడం కూడా మానేసింది.

ఈ వార్త వీధిలో పాకింది. పాకించింది ఎవరో మీరు ఊహించగలరు. ల్యాబ్రడార్ స్వభావమే మనుషులంటే సంతోషం, దాని మొహంలోనే నవ్వు ఉంటుంది, పనికి వెళ్ళే మనిషికి అంతకంటే మంచి ఎదురు ఏముంటుంది అని నేను శాస్త్రం జోడించాను. ఇంజనీరింగు పరీక్షకి వెళ్ళేవాళ్ళు, పొలం రిజిస్ట్రేషనుకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళు మా గేటు ముందు నుంచి వెళ్ళడం మొదలుపెట్టారు. ఒకాయనకి మోకాలి ఆపరేషను, మంగళగిరి వైపు ఆసుపత్రికి వెళ్ళాలి, దానికి మా ఇల్లు దారి కానే కాదు, అయినా కారు ఆపి దిగి ఎదురు తీసుకుని వెళ్ళాడు. టీచరమ్మగారు మాత్రం మాకు ఇలాంటివి లేవు బాబూ అనేవారు. అంటూనే, వాళ్ళ స్కూలు తనిఖీకి పైఅధికారులు వస్తున్న రోజు పొద్దున గేటు బయట బిస్కెట్ పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడ్డారు. ఊరికే, పాపం మూగజీవానికి పెడదామని.

అసలు చిక్కు ఆ బిస్కెట్లతోనే వచ్చింది. ఎదురొచ్చిన టైగర్‌ని ఉత్త చేతుల్తో పంపడం మన వాళ్ళకి చేతకాదు. ఒకరు బిస్కెట్, ఒకరు పూతరేకు, ఒకరు పని అయ్యాక మళ్ళీ వచ్చి లడ్డూ. టైగర్ దేన్నీ కాదనలేదు. ఏడాదిన్నరకే మంచం కింద దూరి మళ్ళీ బయటికి రాలేని స్థితికి వచ్చింది. మెట్లు ఎక్కడం మానేసింది. పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన దాన్ని కాటా మీద పెట్టడానికి ఇంకొకరి సాయం తీసుకుని, తర్వాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. "కడుపు నిండిందన్న సంగతి తెలియకుండా పుట్టిన జాతయ్యా ఇది. ఇంకా ఆకలేస్తోంది అని నటిస్తుంది, మీరు నమ్ముతారు. ఇలాగే ఉంటే ఇంకో రెండేళ్ళలో వెనక కాళ్ళు పడిపోతాయి." ఇవన్నీ నా నోటుబుక్కులో పదిహేడో పేజీలో ఉన్నాయి. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను, అంతే.

కొలిచి రెండు పూటలే పెట్టాలి. తీపి ముట్టకూడదు. ఎండెక్కకముందే నడిపించాలి. చెవులు వాలి ఉంటాయి కాబట్టి స్నానం కాగానే లోపల తడి తుడవాలి, లేకపోతే చీము పడుతుంది. వారానికి రెండుసార్లు వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకాలి. ఇదంతా నేను చూసుకుంటానని చెప్పాను. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు పొద్దున ఐదున్నరకి అలారం ఆపి పడుకుని ఎనిమిదింటికి లేచేసరికి, పెరట్లో అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని టైగర్‌తో పాటు జామచెట్టు దగ్గర నుంచి మోటారు గది దాకా, అక్కడి నుంచి మళ్ళీ జామచెట్టు దాకా తిరుగుతోంది. ఆ రోజు నుంచి అది ఆవిడ పనైపోయింది. బిస్కెట్ బదులు కీరదోస ముక్క, క్యారెట్ ముక్క. ఉడకబెట్టిన గుమ్మడికాయ కలిపిన అన్నం గిన్నెతో కొలిచి పెట్టేది. టైగర్ గిన్నె నాకి దీనంగా చూస్తే "నటన చాలు, వీడు కూడా ఇలాగే చూస్తాడు రెండో పెసరట్టు కోసం" అని నన్ను చూపించేది. ఎండాకాలం మధ్యాహ్నాలు తడిగుడ్డతో దాని పొట్ట తుడుస్తూ పేపరు పైకి చదివి వినిపించేది. మా ఇంట్లో ఆవిడ చదివే ఎన్నికల విశ్లేషణ మొత్తం కూర్చుని విన్న ప్రాణి అదొక్కటే.

నాలుగు నెలల్లో టైగర్ నడుము మళ్ళీ కనిపించింది. దాంతో పాటు ఇంకొకటి కూడా కనిపించింది. అత్తయ్య ఎక్కడుంటే అది అక్కడే. నాన్న బండి తాళాలు తీయగానే అత్తయ్య పేపరు మడిచి పెరట్లోకి వెళ్ళేది, దాని వెనకే టైగర్ కూడా లేచి పెరట్లోకి వెళ్ళేది. నాన్న గుమ్మంలో, గేటు దగ్గర ఎవరూ లేరు. బిస్కెట్ చూపిస్తే వచ్చేది, తీసుకుని నాన్న షూ లేసు కట్టుకునేలోగా వెనక్కి పరుగెత్తేది. నేను ఈల వేసి శిక్షణ ఇచ్చాను. నా ఈలకి మేడమీద పొమేరియన్ వచ్చింది. గొలుసు కట్టి గేటు నుంచి ఈడ్చుకొచ్చాను. నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, మొహం పెరటి వైపు తిప్పుకుని వచ్చిన టైగర్‌ని చూసి నాన్న, ఇది ఎదురు కాదురా, అరెస్టు అన్నాడు. అమ్మ మళ్ళీ ఉప్మా వదిలి సందులో పరుగెత్తడం మొదలుపెట్టింది. ఎందుకు అలా జరుగుతోందో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఇలా ఉండగా నాకు బ్యాంకు ఇంటర్వ్యూ వచ్చింది. (రాతపరీక్ష ఎలా దాటానో నాకూ తెలియదు.) హైదరాబాదు వెళ్ళాలి, పొద్దున రైలు. గేటు బయట ఆటో సిద్ధంగా ఉంది. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, నుదుటిన అమ్మ పెట్టిన బొట్టుతో నేను గుమ్మంలో ఉన్నాను. నా జీవితంలో అంత ముఖ్యమైన రోజుకి టైగర్ ఎదురు లేకపోతే ఎలా. వీధి వీధంతా వాడుకున్న ఎదురు సొంత ఇంటి వాడికి లేకపోవడమా. పెరట్లోకి వెళ్ళాను. అత్తయ్య బండ మీద కూర్చుని ఉంది. టైగర్ ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. "పోరా, అన్నకి ఎదురెళ్ళు" అని ఆవిడ దాన్ని తోస్తోంది. అది తోక ఊపుతోంది కానీ లేవడం లేదు.

ఇప్పుడు నేను రాయవలసింది, అత్తయ్యా నువ్వు కూడా రా అన్నానని. అలా అనివుంటే ఈ కథలో నేను హీరోని అయ్యేవాణ్ణి. నేను అన్నది ఇది: "అత్తయ్యా, నువ్వు దీన్ని తీసుకుని సందులోంచి గేటు బయటికి వెళ్ళి, స్తంభం వెనక నిలబడు. నువ్వు కనపడవు. ఇది ఒక్కటే లోపలికి వస్తుంది." జాతి స్వభావం పూర్తిగా లెక్కలోకి తీసుకున్న ఉపాయమని నాకు లోపల గర్వంగా కూడా ఉంది. అత్తయ్య నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. కళ్ళజోడు పైనుంచి చూసే చూపు కాదది. తర్వాత మామూలుగా నవ్వి, సరే పద సిద్ధాంతీ అని లేచింది.

నేను మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. అమ్మ, నాన్న వెనక ఉన్నారు. టీచరమ్మగారు మెట్ల మీద ఉన్నారు. గేటులో టైగర్ కనిపించింది. రెండడుగులు లోపలికి వేసింది, ఆగింది, వెనక్కి తిరిగింది, స్తంభం వైపు చూస్తూ కూర్చుంది. పిలిచాను, తోక ఊపింది, కానీ స్తంభం వైపే చూస్తోంది. ఆ స్తంభం అడుగున్నర వెడల్పు. దాని పక్కన అత్తయ్య తెల్లంచు చీర చెంగు గాలికి ఊగుతూ అందరికీ కనిపిస్తోంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, చిన్నప్పుడు మా నాన్నని ఎత్తుకుని తిప్పిన మనిషి, దొంగాటలో పిల్లలా ఆ సన్న స్తంభానికి ఒళ్ళంతా ఆనించుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఆటో డ్రైవరు ఆవిణ్ణీ మమ్మల్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. నా ఉపాయం ఎలా ఉందో నాకు అప్పుడు కనిపించింది. నోరు మాత్రం పెగలలేదు.

నాన్నే అన్నాడు. "అక్కా, ఎండలో ఆ స్తంభం వెనకేంటి. దాన్ని తీసుకుని లోపలికి రా."

"పిల్లాడి ఉద్యోగం రా" అంది స్తంభం వెనక నుంచి.

"రైలు పోతుంది అక్కా. రా."

అత్తయ్య బయటికి వచ్చింది. చెంగు భుజం మీదుగా కప్పుకుని, తల వంచుకుని, పక్కనే టైగర్ ఒళ్ళంతా ఊపుకుంటూ ఉండగా, మా ఇంటికి వచ్చాక మొదటిసారి మా గేటులోంచి ఒక మనిషికి ఎదురు నడిచి వచ్చింది. ఎంత నెమ్మదిగా వచ్చిందంటే నాకు నిజంగానే రైలు తప్పుతుందేమోనని భయం వేసింది. నా దగ్గరికి రాగానే గబుక్కున పక్కకి తప్పుకుంది. నేను ఆవిడ కాళ్ళకి దండం పెట్టి ఆటో ఎక్కాను. రైలు అందింది.

ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా చేశానని ఇంట్లో చెప్పాను. ఆరు వారాల తర్వాత ఫలితాలు వచ్చాయి. నా నంబరు లేదు. ఆ సాయంత్రం అమ్మ పళ్ళేలు సర్దుతూ, ఆ రోజు టైగర్ ఒక్కటే వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, చప్పున ఆపేసింది. అమ్మ చెడ్డది కాదు. దిగులులో నోరు జారింది. అత్తయ్య హాల్లో పేపరు చదువుతోంది. పేజీ తిప్పలేదు.

మర్నాడు ఏడూ ముప్పావుకి టైగర్ ఏడుపు వినిపించి హాల్లోకి వచ్చాను. గేటు స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉంది. నాన్నకి ఎదురుగా ఉండేట్టు. కట్టింది అత్తయ్యే. తను పెరట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. టైగర్ గొలుసు సాగినంత మేరా పెరటి వైపు లాగుతూ ఏడుస్తోంది. నాన్న షూ వేసుకుంటూ తల ఎత్తడం లేదు. ఇంటర్వ్యూ గదిలో ఏం జరిగిందో ఈ భూమ్మీద తెలిసింది నాకూ ఆ ముగ్గురు అధికారులకే. నేను నోరు మూసుకుంటే నా పరువు నిలుస్తుంది, అత్తయ్య ఆ బండ మీదే మిగిలిపోతుంది. ఒకసారి స్తంభం దగ్గర నోరు పెగలక నిలబడ్డాను. రెండోసారి కూడానా అనిపించింది.

"నాన్నా, ఆ ఉద్యోగం నేనే చెడగొట్టుకున్నాను" అన్నాను, పెరట్లోకి వినపడేంత గట్టిగా. చెప్పేశాను. ఆ అధికారులు నా అభిరుచి ఏమిటని అడిగారు, కుక్కల జాతులు అన్నాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన సంతోషపడి, తన ఇంట్లో బీగిల్ ఉందనీ సోఫాలు కొరికేస్తోందనీ ఏం చేయాలో చెప్పమనీ అడిగాడు. అక్కడితో సలహా చెప్పి ఊరుకోవాలి కదా. నేను ఆయన్ని, ఇంట్లో ఎంతమంది ఉంటారు, రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా వదిలేస్తారు, నడకకి ఎవరు తీసుకెళ్తారు అని పావుగంట ప్రశ్నించాను. అన్నీ విని, కాసేపు కళ్ళు మూసుకుని, తప్పు కుక్కది కాదండీ మీదే, మీలాంటి వాళ్ళు కుక్కని పెంచకూడదు అని తేల్చాను. ఆ తర్వాత పక్కనాయన బ్యాంకు గురించి రెండు ప్రశ్నలు అడిగాడు. ఆ రెండూ నాకు రాలేదు.

నాన్న ఒక షూ చేతిలోనే పట్టుకుని నన్ను చూశాడు. "ఆయన మొహం మీదే అన్నావా?"

"అన్నాను నాన్నా."

ఆయన చేతిలో షూ కింద పెట్టాడు. తర్వాత పెరటి వైపు తిరిగి గొంతు పెంచాడు. "అక్కా, విన్నావుగా. వీడికి ఆ బ్రహ్మదేవుడే ఎదురొచ్చినా ఆ ఉద్యోగం రాదు. వచ్చి దాన్ని విప్పు. నువ్వొచ్చే దాకా నేను కదలను."

అమ్మ అప్పటికే వెళ్ళి వెనక తలుపు తీసింది. వదినా రండి అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ సందులోంచి గేటు దగ్గరికి నడిచారు. అమ్మ గొలుసు విప్పింది. అత్తయ్య టైగర్‌తో పాటు లోపలికి నడిచి వచ్చింది. ఈసారి తల వంచుకోలేదు. నాన్న దగ్గరికి వచ్చాక పక్కకి తప్పుకోలేదు కూడా. ఆయన ముందు నిలబడి కళ్ళు తుడుచుకుని, నాన్న మొహంలోకి చూసి, "ఎంతైనా జర్మన్ షెపర్డ్‌వి, పట్టిన పట్టు వదలవు" అంది. అంటే ఏంటి అని నాన్న నన్ను అడిగాడు. నేను శాతాల లెక్కలు ఉన్నాయని గదిలోకి వెళ్ళిపోయాను. నోటుబుక్కు ఆ రోజే బియ్యం డబ్బా వెనకకి మారింది.

రెండేళ్ళ తర్వాత గన్నవరం దగ్గర ఒక గోడౌన్ల కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ ఇంటర్వ్యూలో అభిరుచి అడిగితే పుస్తకాలు చదవడం అన్నాను. ఇప్పుడు నన్ను ఎవరూ సిద్ధాంతి అనరు, ఒక్క అత్తయ్య తప్ప. ఏ కుక్కని తీసుకోమంటావు అని ఎవరైనా అడిగితే, దాన్ని చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నారో లేదో ముందు చూసుకోండి అంటాను. నేను నేర్చుకున్నది మొత్తం అంతే, మిగతా రెండు వందల పేజీలూ దండగ. టైగర్ మూతి తెల్లబడింది. వెనక కాళ్ళు పడిపోలేదు కానీ నడక మందగించింది. అత్తయ్య మోకాళ్ళూ అంతే. పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరే సమయానికి ఇద్దరూ వీధి చివరి దాకా నడిచి తిరిగి వస్తుంటారు. ఒక్కోరోజు ఆలస్యమవుతుంది.

నాకు ఈ ఎదురుల మీద నమ్మకం లేదు. చదువుకున్నవాణ్ణి. అయినా గుమ్మంలో కూర్చుని షూ లేసులు కట్టుకుంటాను, గేటు వైపు చూసి మళ్ళీ విప్పి మళ్ళీ కట్టుకుంటాను. గేటు చప్పుడవుతుంది. ముందు తెల్ల మూతి, దాని పక్కనే చేతికర్ర కనిపిస్తాయి. అత్తయ్య కళ్ళజోడు పైనుంచి నా కాళ్ళ వైపు చూసి, ముప్పై మూడేళ్ళొచ్చాయి, ఇంకా లేసు కట్టుకోవడం రాలేదా సిద్ధాంతీ అంటుంది. రాలేదు అత్తయ్యా అని లేచి ఆఫీసుకి వెళ్తాను.